చెప్పుకోవడానికి ఒక చోటు

(కోనసీమ స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బృందంగా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడం గురించి మాట్లాడమన్నారు. దానివల్ల మనుషులు ఎలా దగ్గరవుతారో, దెబ్బతిన్న సంబంధాలు ఎలా బాగవుతాయో చెప్పమన్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తిరిగి నేను చూసినదాన్ని బట్టి మాట్లాడతాను. పుస్తకాల సంగతి అవసరమైనంత మేరకే తెస్తాను.

కోనసీమ ఆడవాళ్ళకు గుండ్రంగా కూర్చోవడం మనం నేర్పాల్సిన పనేమీ లేదు. డ్వాక్రా పథకం 1982-83లో మొదలైంది. సారా వ్యతిరేకోద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపు మన రాష్ట్రంలో ఊరూరికీ పాకింది. నెలలో ఏదో ఒక రోజు, ఎవరో ఒకరి వాకిట్లో చాప పరిచి పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. వరుసల్లో కూర్చుంటే ముందూ వెనకా ఉంటాయి, గుండ్రంలో ఉండవు అని శిక్షణల్లో చెప్పారు. మంచి మాటే. ఒక పాటో ప్రార్థనో, తర్వాత హాజరు, పొదుపు, కిస్తీ, తీర్మానం, సంతకాలు. అరగంటలో అయిపోతుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు మనందరికీ కంఠతా వచ్చు. ఆ అయిదింటిలో మాట్లాడుకోవడం లేదు. మూడు దశాబ్దాలుగా పక్కపక్కనే కూర్చుంటూ, పక్కమనిషి చేతిమీద కమిలిన మచ్చ గురించి ఒక్కసారీ అడగని సంఘాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు.

అయినా ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు. ఎప్పుడంటే, పుస్తకం మూశాక. యానిమేటరు వెళ్ళిపోయాక, చాప మడిచేలోపు. నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో సమావేశం అయిపోగానే లేచి వచ్చేయకుండా ఆ పావుగంట కూడా ఉండేదాన్ని. నా నోటుపుస్తకాల్లో పనికొచ్చినదంతా దాదాపు ఆ పావుగంటల్లో విన్నదే.

పాత రోజుల్లో కాలువ రేవు ఉండేదనీ, అక్కడ ఆడవాళ్ళు మనసు విప్పి మాట్లాడుకునేవారనీ, కుళాయిలూ బోర్లూ వచ్చి అదంతా పోయిందనీ బాధపడే వాళ్ళున్నారు. రేవు నిజమే. కానీ పేట రేవు వేరు, ఊరి రేవు వేరు. ఎగువ ఎవరిది, దిగువ ఎవరిది అన్నది కూడా నిర్ణయమై ఉండేది. దాన్ని మరీ అందంగా చెప్పుకోవద్దు. ఇంకో చోటు చర్చి. 1830లలో నర్సాపురంలో మొదలైన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ సంఘాలు ఈ ప్రాంతమంతటా ఉన్నాయి. ఆ సంఘాల ఆరాధనలో స్త్రీలు మౌనంగా ఉండాలి. అదే స్త్రీలు తమ కూటంలో విడిగా కూర్చున్నప్పుడు ఒక్కొక్కరూ లేచి ప్రార్థన అవసరాలు చెబుతారు. కొడుకు తాగుతున్నాడని, కూతురికి నెల తప్పడం లేదని, మస్కట్ నుంచి మూడు నెలలుగా ఫోన్ లేదని. వినేవాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. కళ్ళు మూసుకోవడంలో చెప్పేవాళ్ళకు ఎంత వెసులుబాటు ఉందో గమనించారా? మన స్త్రీవాద బృందాల్లో మనం అంత మర్యాదగా వినం, మధ్యలోనే విశ్లేషణ మొదలుపెడతాం.

ఇక పుస్తకాల సంగతి. 1967లో న్యూయార్క్‌లో ఏర్పడిన రాడికల్ స్త్రీల బృందం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని, ఒకే ప్రశ్నకు ఒక్కొక్కరూ తమ బతుకులోంచి జవాబు చెప్పే పద్ధతి పెట్టుకుంది. వాటినే మనం చైతన్య బృందాలు అంటున్నాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి పౌరహక్కుల ఉద్యమం నుంచి, చైనాలో రైతులు ఊరి సభల్లో తమ చేదు అనుభవాలు బయటికి చెప్పుకున్న పద్ధతి నుంచి దీన్ని నేర్చుకున్నామని వాళ్ళే చెప్పారు. అంటే ఇది మొదటినుంచీ పేదల పద్ధతి. తీరిక ఉన్నవాళ్ళ కాలక్షేపంగా పుట్టలేదు. ఆ బృందాల మీద తోటి ఉద్యమకారులే ఒక విమర్శ చేశారు: ఇదంతా చికిత్స, రాజకీయం కాదు అని. దానికి జవాబుగా కరోల్ హానిష్ రాసిన వ్యాసం 1970లో అచ్చయినప్పుడు దానికి పెట్టిన శీర్షికే ‘వ్యక్తిగతమే రాజకీయం’. చికిత్స అన్నామంటే రోగం ఆడమనిషిలో ఉందని ముందే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆమె వాదన సారాంశం అది. ఇవాళ మన అంశంలో ‘బాగుచేయడం’ అన్న మాట ఉంది గనక ఆ హెచ్చరికను కాస్త దగ్గర పెట్టుకుందాం.

మన దగ్గర కూడా ఇలాంటి అనుభవం ఉంది. హైదరాబాదులో 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. మల్లు స్వరాజ్యం, దాయని ప్రియంవద లాంటి వాళ్ళు మాట్లాడారు. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పంపేసిన ఆడవాళ్ళు, మూడు దశాబ్దాలకు పైగా తమలో దాచుకున్నది, ఎవరో వచ్చి తీరుబడిగా కూర్చుని అడిగితే బయటికి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగిందీ అలాంటిదే. అక్షరాస్యత కేంద్రంలో రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, పాఠంలో ఉన్న తాగుబోతు మొగుడి సంగతి చదివి, ఇది మన ఇంటి కథే గదా అనుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషి ఇంట్లోనూ అదే జరుగుతోందని ఆ దీపం వెలుగులో తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. మొత్తం మద్య నిషేధం 1995లో వచ్చి 1997లో పోయిందనుకోండి, అది వేరే కథ.

ఈ రెండు అనుభవాల్లోనూ ఒకటి గమనించండి. అక్కడ చెప్పిన మాటతో చెప్పినామెకు నష్టం జరగలేదు. విన్నవాళ్ళెవరికీ ఆమె మీద అధికారం రాలేదు. గుండ్రంగా కూర్చోవడం కంటే నేను దీన్నే ముఖ్యమనుకుంటాను. ఎందుకంటే ఇదే గుండ్రం, ఇదే చాప మన రాష్ట్రంలో ఆడవాళ్ళ మెడకు ఉరిగా మారిన కాలం కూడా చూశాం. సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వారం వారం సమావేశం, అయిదుగురు చొప్పున బృందం, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురిదీ బాధ్యత. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో బృందంలో అందరికీ తెలుసు. ఆ తెలియడమే హామీ అయింది. తాకట్టు పెట్టడానికి బంగారం లేని చోట ఇరుగుపొరుగు స్నేహాన్ని తాకట్టు పెట్టించారు. కిస్తీ కట్టలేని ఆడమనిషి గుమ్మంలో సొంత సంఘం వాళ్ళే కూర్చున్నారు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవలు బయటపడ్డాయి. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డబ్బు లెక్కలు ఏదో విధంగా తేలాయి. అక్కా, వదినా అని పిలుచుకున్నవాళ్ళు వీధిలో ఎదురైతే తల తిప్పుకుని పోవడం మాత్రం ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూశాను. సాటి ఆడవాళ్ళ దగ్గర ఇంటిగుట్టు విప్పి దెబ్బతిన్న మనిషి మళ్ళీ చాప మీదికి వచ్చి నోరు తెరవాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. ‘మా సంఘంలో ఎవరూ పంచుకోరండీ’ అని మన కార్యకర్తలు విసుక్కుంటారు. ఎందుకు పంచుకోరో ఆ ఊళ్ళో పదిహేనేళ్ళ కిందటి అప్పుల పుస్తకం చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు రాజోలు వైపు ఒక పేట గురించి చెబుతాను. ఊరి పేరు చెప్పను. ఎందుకో చివర్లో చెబుతాను.

కోనసీమ నుంచి ఆడవాళ్ళు గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళడం నలభై ఏళ్ళకు పైబడిన సంగతి. కువైట్, మస్కట్, బహ్రెయిన్, దుబాయ్. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చిన వాళ్ళలో మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళూ ఉన్నారు. మళ్ళీ వెళ్ళారు. ఇరవై నంబరు వీసా అంటే ఏమిటో, అకామా అంటే ఏమిటో ఈ పేటల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. నిండనివాళ్ళు కాగితాల్లో నింపుకుని, ఏజెంటు చేతిలో లక్షలు పెట్టి వెళతారు. వెళ్ళేటప్పుడే అబద్ధం మీద వెళ్ళారు గనక అక్కడ ఏం జరిగినా ఫిర్యాదు చేయడానికి భయపడతారు. తిరిగొచ్చాక ఊరు అడిగే ప్రశ్న మీకు తెలుసు. ‘అక్కడేం చేసొచ్చిందో’ అంటారు. ఆ డబ్బుతో కట్టిన డాబాలో కూర్చుని మరీ అంటారు.

ఆ పేటలో అలా తిరిగొచ్చినవాళ్ళు తొమ్మిదిమంది నెలకో ఆదివారం, చర్చి అయ్యాక, కమ్యూనిటీ హాల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఏ సంస్థా పెట్టించలేదు. ఏజెంటు ఎగవేసిన డబ్బు ఎలా రాబట్టుకోవాలో మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. డబ్బు రాలేదు గానీ కూర్చోవడం ఆగలేదు. కొన్నాళ్ళకు ఒకామె అక్కడ చెప్పిన మాట ఆమె అత్తగారి చెవిన పడింది. ఇంట్లో పెద్ద గొడవైంది. నాలుగు నెలలు ఎవరూ హాలు తలుపు తియ్యలేదు. మళ్ళీ కూర్చున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఇక్కడి మాట గడప దాటకూడదు. ఒకళ్ళు చెబుతుంటే ఇంకొకళ్ళు మధ్యలో అడ్డురాకూడదు. సలహా అడిగితేనే చెప్పాలి. ఎవరైనా చెప్పను అంటే మళ్ళీ అడగకూడదు. శిక్షణ పుస్తకాల్లో ఉన్న నియమాలు కూడా దాదాపు ఇవే. కాకపోతే వీళ్ళ నియమాలకు ఒక గాయం ఆధారంగా ఉంది కాబట్టి నిలబడ్డాయి.

అందులో ఒకామె, కూతురికి నాలుగేళ్ళప్పుడు కువైట్ వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు వచ్చి, పూర్తిగా తిరిగొచ్చేసరికి పిల్లకి పదహారేళ్ళు. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగింది. అమ్మమ్మనే అమ్మా అంటుంది. మరి ఈవిణ్ణి ఏమని పిలుస్తుంది? ఏమనీ పిలవదు. ఏదైనా కావాలంటే దగ్గరికొచ్చి నిలబడుతుంది. ‘పన్నెండేళ్ళు ఆళ్ళ పిల్లల్ని ఎత్తుకుని పెంచానండి. ఆ పిల్లలు నన్ను పేరెట్టి పిలిసేవోరు. నా పిల్ల పేరెట్టి కూడా పిలవదు’ అందామె. ఎవరూ ఏమీ అనలేదు. చాలాసేపటికి ఆమెకంటే చిన్నది ఇంకొకామె మాట్లాడింది. ఈమె తల్లి కూడా ఒకప్పుడు మస్కట్ వెళ్ళిన మనిషే. ‘నేనూ మా అమ్మని పిలిసేదాన్ని కాదు వదినా. కోపం కాదు. పిలిత్తే అలవాటైపోద్ది. మళ్ళీ ఎల్లిపోతే ఏడవాలి గదా. అందుకని పిలిసేదాన్ని కాదు.’

నేను సోషియాలజీలో ఇరవై ఏళ్ళు చదివిన వలస, కుటుంబం, మాతృత్వం సిద్ధాంతాలన్నీ ఆ వాక్యం ముందు కాసేపు పక్కకు తప్పుకున్నాయి. అక్కడ జరిగిందేమిటో చూడండి. ఆ తల్లీ కూతురూ ఎదురెదురుగా కూర్చుంటే ఆ మాట ఎప్పటికీ రాదు. కూతురికి చెప్పే భాష లేదు, తల్లికి అడిగే ధైర్యం లేదు. వేరొకరి కూతురు వచ్చి ఆ కూతురి స్థానంలోంచి మాట్లాడింది. అదీ సలహాగా చెప్పలేదు, తన సంగతిగా చెప్పింది. ఇద్దరు మనుషుల మధ్య తెగినదాన్ని ఆ ఇద్దరినే కూర్చోబెట్టి అతికించాలని మనం ప్రయత్నిస్తుంటాం. కౌన్సెలింగ్ అంటే అదే అనుకుంటున్నాం. బృందానికి ఉన్న శక్తి వేరు. అందులో అదే సంబంధానికి అటువైపున నిలబడ్డ మనిషి ఒకరు ఉంటారు. కోడళ్ళ గుంపులో ఒక అత్త, కన్నతల్లుల గుంపులో విడిచి ఉన్న ఒక కూతురు. అందుకే ఒకే రకం బాధ ఉన్నవాళ్ళనే ఏరి కూర్చోబెట్టడం నాకు అంత మంచి పద్ధతిగా అనిపించదు.

తర్వాత ఏమైందని అడుగుతారు. కూతుర్ని హాలుకి పిలిపించి కన్నీళ్ళతో కౌగిలింతలేమీ జరగలేదు. కొన్ని నెలలకు కాలేజీలో సంతకానికి ఆ పిల్ల అమ్మమ్మను కాకుండా ఈవిణ్ణి రమ్మంది. పిలుపు ఇంకా రాలేదు.

ఆ హాల్లోనే జరిగిన ఇంకో సంగతి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండటం, వారమంతా సెలవు లేకుండా పనిచేయడం తన తలరాత అనుకున్న మనిషి, పక్కామెకూ అదే జరిగిందని విన్నది. ఆ పక్కామెకూ అదే. ఇళ్ళలో పనిచేసేవాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసిందనీ, వారానికో రోజు సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదనీ తర్వాత తెలిసింది. తలరాత అనుకున్నది చట్టం మీరడం అని తెలిసిన రోజు వాళ్ళు ఏడవలేదు, తిట్టుకున్నారు. హానిష్ వ్యాసం వాళ్ళెవరూ చదవలేదు.

ఇలా కూర్చోవడం నిర్ణయాలకు కూడా దారితీస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కాట్రేనికోన మండలం బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల్లో సముద్రంలోకి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు, శవాలు దొరకలేదు. భర్త శవం దొరకని మనిషి బొట్టు తియ్యాలా వద్దా? ఆ తీరంలో ఒక పెద్దావిడ చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది: ‘ఒక్కదాన్నే అయితే తీసేయించేద్దురు. నలుగురం ఒకచోట కూకుని తియ్యం అనుకున్నాం. ఇంక ఎవ్వరూ అడగలేదు.’ అది ఓదార్పో, ధిక్కారమో, అప్పటికి బతకడానికి దొరికిన ఉపాయమో, మూడూనో.

మనవాళ్ళకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. సంబంధాలు బాగుపడటం అనగానే మన సంస్థల లెక్కల్లో భార్యాభర్తల సంబంధం ఒక్కటే కనిపిస్తుంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం అడిగిన స్త్రీకి రక్షణ, నివాసం, భరణం. కౌన్సెలింగ్ అందులో ఒక చిన్న భాగం. నేను తిరగేసిన రిజిస్టర్లలో మాత్రం చివరి గడిలో ‘రాజీ, కలిపి పంపడమైనది’ అని ఉంటే అది విజయం కింద లెక్క. ఆ గడి నింపడానికి సంఘం మొత్తాన్ని చాప మీద కూర్చోబెట్టి, ‘సర్దుకుపోవే, మేమూ పడ్డాం గదా’ అని పదినోళ్ళతో చెప్పించడం కూడా చూశాను. అది చెప్పుకునే చోటు కాదు, పంచాయితీ. మగ పెద్దలు చేసే పని ఆడవాళ్ళ చేత చేయిస్తున్నాం, అంతే. ‘మేమూ పడ్డాం’ అన్న మాట ఓదార్పుగా ఎప్పుడు వస్తుందో, ఆజ్ఞగా ఎప్పుడు మారుతుందో కనిపెట్టడం తెలియకపోతే కార్యకర్త అక్కడ ఉండి లాభం లేదు. భర్తను వదిలి వచ్చిన కూతురికి తల్లి తలుపు తీయడం, తోడికోడళ్ళ మధ్య మాటలు కలవడం, పక్కింటామె రాత్రి అరుపు వినపడగానే లేచి రావడం, ఇవీ సంబంధాలే. వీటికి రిజిస్టరులో గడి లేదు.

అలాగే గుండ్రంలో ముందూ వెనకా లేవన్నది కూడా పూర్తిగా నమ్మకండి. నాయకత్వం లేదనుకునే బృందాల్లో కంటికి కనిపించని నాయకత్వం ఎలా పెత్తనం చేస్తుందో జో ఫ్రీమన్ 1970లలోనే రాసింది. మన దగ్గర అది కంటికి కనిపిస్తూనే ఉంటుంది. లీడరు పక్కన ఎవరు, ద్వారబంధం దగ్గర ఎవరు, చాప చాలకపోతే నేలమీద ఎవరు కూర్చుంటారో చూడండి.

ఇది నన్ను 2022 దగ్గరికి తెస్తోంది. ఈ సభలో దాని గురించి మాట్లాడకుండా సముదాయం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న ఆ పేరును వ్యతిరేకిస్తూ అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పుపెట్టారు. బస్సులు తగలబెట్టారు. ఎందరో యువకులు అరెస్టయ్యారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. తర్వాత ఆ పేరే ఖాయమైంది.

పొదుపు సంఘం వీధిని బట్టి ఏర్పడుతుంది. మన వీధులు కులాన్ని బట్టి ఏర్పడ్డాయి. కాబట్టి సంఘాలు దాదాపుగా ఒకే కులంవి. ఊరు, పేట ఆడవాళ్ళు ఒకే గదిలో కూర్చునేది గ్రామైక్య సంఘంలోనే. ఆ మే నెల తర్వాత ఒక గ్రామైక్య సంఘం సమావేశాలకు నేను కొన్నిసార్లు వెళ్ళాను. గొడవలేమీ లేవు. అందరూ వస్తారు, సంతకాలు పెడతారు, వెళ్ళిపోతారు. పుస్తకం మూశాక ఉండే ఆ పావుగంట మాయమైంది. కిస్తీలు మాత్రం నూటికి నూరు శాతం. పై అధికారుల లెక్కలో అది ఆదర్శ సంఘం.

మాట మళ్ళీ ఎలా మొదలైందంటే, నెట్ ఆగిన రోజుల గురించి. ఊరివైపు ఒకామె కూతురూ, పేటలో ఒకామె కోడలూ ఇద్దరూ కువైట్‌లో ఉన్నారు. రోజూ రాత్రి ఐమోలో మాట్లాడేవాళ్ళు. నెట్ లేని ఆ రోజుల్లో అక్కడివాళ్ళకు ఇక్కడేమైందో, ఇక్కడివాళ్ళకు అక్కడేమైందో తెలియలేదు. ‘మా కోడలు అక్కడ అన్నం మానేసిందంటండి’ అని పేటామె అంటే, ‘మా పిల్లా అంతే’ అని ఊరామె అన్నది. నెలల తర్వాత ఆ గదిలో ఒకరి మాటకు ఇంకొకరు బదులివ్వడం అదే మొదలు. ఇక్కడితో ఆపితే చక్కని కథ అవుతుంది. మన వార్షిక నివేదికల్లో ఇక్కడే ఆపుతాం.

అక్కడితో ఆగలేదు. తర్వాతి నెల ఊరామె తన అక్క కొడుకు జైల్లో పడ్డ బాధ చెప్పుకుంది. పేరు గొడవలో కుర్రాళ్ళు అన్యాయమైపోయారని ఏడ్చింది. అందరూ విన్నారు. అప్పుడు పేటామె అన్నది: ‘నీ బాధ విన్నాను. నీకది పేరు గొడవ. ఆ పేరు వద్దని మీ వీధిలో అన్న ప్రతి మాటా మా ఇంటికి వినపడింది. మా పిల్లలు విన్నారు. అది నువ్వు వినాల.’ గది నిశ్శబ్దమైపోయింది. లీడరు సర్దిచెప్పబోయింది, ‘ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, మనమంతా ఒకటే గదా’ అని. ఇంకొకామె ఆవిణ్ణి ఆపింది. నా దృష్టిలో ఆ రోజు అక్కడ జరిగిన అన్నిటిలోకీ విలువైన పని ఆ ఆపడమే. అందరం ఆడవాళ్ళమే అన్న మాటతో దళిత స్త్రీల నోరు మూయించిన చరిత్ర మన ఉద్యమానికి కూడా ఉంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత దళిత స్త్రీలు మనల్ని అడిగిన ప్రశ్న ఇదే. అందరికీ సమానంగా అయిదేసి నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తే సమానత్వం రాదు. ఎవరు ఎంతకాలంగా వింటూనే ఉన్నారో కూడా లెక్కలోకి రావాలి.

క్షమాపణలు జరగలేదు. పేటామె ఒక ప్రతిపాదన పెట్టింది: సమావేశం ఎప్పుడూ రామాలయం పక్క గదిలోనే ఎందుకు, ఒక నెల మా కమ్యూనిటీ హాల్లో పెట్టండి అని. తీర్మానం రాశారు. మొదటి నెల ఊరివైపు నుంచి ముగ్గురే వచ్చారు. టీ ఇస్తే ఇద్దరు తాగారు. తర్వాత ఆరుగురయ్యారు. జైలుకెళ్ళిన కుర్రాడి పిన్ని మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఇదంతా చాలా చిన్న సంగతిగా అనిపిస్తే, ఆ ఊళ్ళో అంతకుముందు ఎన్ని తరాలుగా ఆ హాలు ఉన్న వీధిలోకి ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పని పురమాయించడానికి తప్ప రాలేదో గుర్తుపెట్టుకోండి.

ఊరి పేర్లు చెప్పనన్నాను గదా. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ బృందానికి మినిట్స్ పుస్తకం లేదు. ఒక సంస్థవాళ్ళు వచ్చి, నెలకింత ఖర్చులిస్తాం, హాజరు, ఫొటోలు, నెలకో కేసు స్టడీ పంపండి అన్నారట. వాళ్ళు మూడు ఆదివారాలు చర్చించుకుని వద్దన్నారు. డబ్బు అవసరం లేక కాదు. రాస్తే ఎవరు చదువుతారని అడిగారు. దానికి వచ్చినవాళ్ళ దగ్గర సరైన జవాబు లేదు. నేను కూడా అక్కడ పుస్తకం తెరవలేదు. ఇవాళ మీకు చెప్పినదంతా పోయిన నెల ఆ రెండు ఊళ్ళకూ వెళ్ళి, వాళ్ళకు చదివి వినిపించాను. పిలవని కూతురి సంగతి చెప్పమని ఆ తల్లే అన్నది, ఇంకెవరికైనా పనికొస్తుందని. మూడు విషయాలు తీసేయమన్నారు, తీసేశాను. ఒకచోట నేను ‘పాపం’ అని రాసుకున్నాను. ఆ మాట కొట్టేయమన్నారు.